కాలిపర్ రీబిల్డ్: పనంతా ఒక రబ్బరు రింగు చుట్టూనే

పది పదిహేను కిలోమీటర్లు నడిపి కారు ఆపాక ముందు చక్రాల్లో ఒకటి మాత్రం చెయ్యి దగ్గరికి పోనివ్వనంత వేడిగా ఉంటుంది. కాలిన వాసన కూడా వస్తుంటుంది. జాకీ ఎత్తి చేత్తో తిప్పబోతే చక్రం మొరాయిస్తుంది. "కాలిపర్ పట్టేసింది, మార్చేయాలి" అనే తీర్పు వెంటనే వచ్చేస్తుంది. మార్చేయడం తప్పేమీ కాదు. కాకపోతే ఆ కాలిపర్‌ను, అంటే చక్రం దగ్గర బ్రేకు పట్టే దిమ్మను, విప్పి బల్లమీద పెట్టి చూస్తే, నిజంగా చెడిపోయినవి సాధారణంగా రెండు రబ్బరు ముక్కలు, అప్పుడప్పుడు ఒక పిస్టన్. మిగతా ఇనుప దిమ్మకు చాలాసార్లు ఏమీ కాదు. పాత కాలిపర్‌నే విప్పి బాగుచేసుకోవడాన్ని రీబిల్డ్ అంటారు, ఆ రబ్బరు ముక్కలు రీబిల్డ్ కిట్ పేరుతో చిన్న కవరులో దొరుకుతాయి.

ఈ పని గురించి రెండు రకాల మాటలు వినిపిస్తాయి. బ్రేకులతో ఆటలొద్దు, ఇంట్లో ముట్టుకోవద్దు అనేవాళ్లు కొందరు. అదేముంది, పాత సీల్ తీసి కొత్త సీల్ వేయడమే కదా అనేవాళ్లు మరికొందరు. రెండింట్లోనూ సగమే నిజం ఉంది. విప్పడం, బిగించడం నిజంగానే సులువు. కష్టమంతా మధ్యలో ఉంది: బయటికి వచ్చిన పిస్టన్‌ను వెలుతురులో తిప్పి చూసి, ఇది మళ్లీ పనికొస్తుందా, పారేయాలా అని తేల్చుకోవడంలో. అది తేల్చాలంటే లోపల ఆ రబ్బరు రింగు ఏం చేస్తోందో ముందు అర్థం కావాలి.

వంగి, వెనక్కి లాగే రింగు

కాలిపర్ ఒక పట్టకారు లాంటిది. చక్రంతోపాటు తిరిగే డిస్క్‌ను రెండు వైపుల నుంచీ ప్యాడ్లతో పట్టి నొక్కుతుంది. ఎక్కువ కార్లలో పిస్టన్ లోపలివైపు మాత్రమే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను డిస్క్ మీదికి తోస్తుంది. ఆ తోపుకు కాలిపర్ ఒళ్లంతా వెనక్కి జరిగి, బయటి ప్యాడ్‌ను అటువైపు నుంచి లాక్కొస్తుంది. అలా జరగడానికే దానికి రెండు స్లైడ్ పిన్నులు ఉంటాయి. ఈ పిన్నుల సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

పిస్టన్‌ను తోసేది బ్రేక్ ఆయిల్ ఒత్తిడి. 54 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పిస్టన్ తీసుకుంటే దాని ముఖం వైశాల్యం సుమారు 23 చదరపు సెంటీమీటర్లు. పెడల్ గట్టిగా తొక్కినప్పుడు పైపులో 70 బార్ల ఒత్తిడి ఉందనుకుంటే, ఆ ఒక్క పిస్టన్ ప్యాడ్‌ను నొక్కే బలం దాదాపు 1,600 కిలోల బరువుతో సమానం. ఇంత ఒత్తిడి దగ్గర ఒక్క చుక్క కూడా బయటికి రాకుండా ఆపుతున్నది చేతి గాజంత రబ్బరు రింగు. సీల్ అనేది దీన్నే. దాన్ని అడ్డంగా కోసి చూస్తే కోత గుండ్రంగా ఉండదు, నలుచదరంగా ఉంటుంది. కాలిపర్ సిలిండర్ గోడలో చెక్కిన గాడిలో కూర్చుని, లోపలి అంచుతో పిస్టన్‌ను బిగించి పట్టుకుంటుంది.

దాని పని కళ్లకు కట్టాలంటే పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు ఒకటి తీసుకోండి. దాని అడుగు బల్లకు కరుచుకునేలా వేలితో నొక్కిపట్టి, ఆ వేలినే కొద్దిగా ముందుకు జరపండి. అడుగు కదలదు, పైభాగం వంగుతుంది. వేలు వదిలేస్తే మళ్లీ నిటారుగా వస్తుంది. కాలిపర్‌లో జరిగేది అచ్చం ఇదే. పెడల్ తొక్కినప్పుడు పిస్టన్ ముందుకు పోతుంది. దాన్ని పట్టుకున్న రింగు అంచు కూడా దాంతోపాటు వంగుతుంది. రింగు వంగడానికి చోటు ఉండాలని గాడి అంచును కాస్త ఏటవాలుగా చెక్కి ఉంచుతారు. పెడల్ వదిలేయగానే ఒత్తిడి పోతుంది, రింగు తన ఆకారానికి తిరిగి వస్తూ పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది. ఎంత లాగుతుంది? మిల్లీమీటరులో చిన్న భాగం. ప్యాడ్ డిస్క్‌ను వదలడానికి అది చాలు.

డ్రమ్ బ్రేకులో లైనింగ్‌ను వెనక్కి లాగడానికి స్ప్రింగులు ఉంటాయి. ఇక్కడ ఏ స్ప్రింగూ లేదు, రింగే స్ప్రింగు. ప్యాడ్ అరిగే కొద్దీ పిస్టన్ ఇంకాస్త ముందుకు పోవాలి కదా? రింగు వంగగలిగినంత వంగాక, పిస్టన్ దాని పట్టులోంచి కొంచెం జారి కొత్త చోట నిలబడుతుంది. ఇకనుంచి రింగు అక్కడి నుంచే వెనక్కి లాగుతుంది. అడ్జస్ట్‌మెంట్ దానంతటదే జరిగిపోతుంది. ఒక్క రబ్బరు ముక్క మూడు పనులు చేస్తోంది: లీకు ఆపడం, వెనక్కి లాగడం, అరుగుదలను సర్దడం. మొత్తం కారులో ఇంత పొదుపైన ఆలోచన నాకైతే ఇంకోటి కనిపించలేదు.

ఇందులోంచే చాలామంది పొరబడే విషయం ఒకటి తేలుతుంది. రింగు గాడిలో కదలకుండా కూర్చుంటుంది, పిస్టన్ దాని మీదుగా జారుతుంది. అంటే నున్నగా ఉండాల్సింది పిస్టన్ ఒళ్లు. సిలిండర్ గోడ సీల్‌కు తగలనే తగలదు, గాడి తప్ప. డ్రమ్ బ్రేకు వీల్ సిలిండర్‌లో దీనికి తలకిందులు: అక్కడ రబ్బరు కప్పు పిస్టన్‌తోపాటు కదులుతూ గోడను రాసుకుంటుంది, కాబట్టి గోడే నున్నగా ఉండాలి. ఆ అలవాటులో కాలిపర్ గోడను కూడా హోనింగ్ రాళ్లు పెట్టి గీకేస్తుంటారు. గోటితో పోయేదానికి గొడ్డలి అది. గోడమీది మరకలు, చిన్న గీతలు ఏమీ చెయ్యవు. గీకితే సందు పెరగడం తప్ప లాభం లేదు. దీనికి మినహాయింపులు లేకపోలేదు. 1965 నుంచి 1982 దాకా వచ్చిన షెవ్రొలే కార్వెట్ కాలిపర్లలో సీల్ పిస్టన్‌కే ఉండి గోడను రాసుకునేది. గోడ తుప్పుపట్టగానే లీకు మొదలయ్యేది. అందుకే వాటికి స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం లోపల దిగ్గొట్టించడం మామూలు వైద్యమైపోయింది. మీ కాలిపర్ ఏ రకమో విప్పగానే తెలుస్తుంది: గాడి గోడలో ఉందా, పిస్టన్ మీద ఉందా చూడండి.

తుప్పు ఎక్కడ మొదలవుతుంది

పిస్టన్ బయటి కొసకీ కాలిపర్ మూతికీ మధ్య ముడతలు పడి ఉండే రబ్బరు తొడుగు డస్ట్ బూట్. అది ఒత్తిడిని ఆపదు, దుమ్మునూ నీళ్లనూ ఆపుతుంది. అది చిరిగిందంటే నీళ్లు లోపలికి దిగి, పిస్టన్‌లో సీల్‌కు బయటివైపున్న భాగం మీద నిలుస్తాయి. స్టీలు పిస్టన్ మీది క్రోమ్ పూత అక్కడ పొక్కులు లేచి, కింద గుంటలు పడతాయి.

విచిత్రం ఏమిటంటే అప్పటికి బ్రేకు బాగానే పనిచేస్తుంటుంది. సీల్ పట్టుకుని ఉన్న చోటు ఇంకా నున్నగానే ఉంది కదా. ప్యాడ్లు అరిగిపోయి కొత్తవి వేసే రోజు వస్తుంది. మందంగా ఉన్న కొత్త ప్యాడ్లకు చోటు కావాలని పిస్టన్‌ను పూర్తిగా లోపలికి నొక్కుతారు. తుప్పుపట్టిన భాగం నేరుగా సీల్ కిందికి వెళ్లిపోతుంది. వారం తిరక్కుండా లీకో, పట్టేయడమో మొదలవుతుంది. "ప్యాడ్లు మార్చాకే పాడైంది" అని మార్చిన మనిషిని తిట్టుకుంటాం. అతని తప్పు ఏదైనా ఉందంటే, చిరిగిన బూట్‌ను చూసీ చూడనట్టు వదిలేయడమే.

రెండో తుప్పు ఇంకా దొంగ. పోత ఇనుము కాలిపర్లలో రింగు కూర్చునే గాడి అడుగునే తుప్పు పేరుకుంటుంది, అల్యూమినియం కాలిపర్లలో తెల్లటి పొడి పేరుకుంటుంది. లోహం కంటే తుప్పు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అది రింగును వెనకనుంచి పిస్టన్ మీదికి తోస్తుంది. అప్పుడు రింగు పిస్టన్‌ను పట్టుకోవడం మానేసి పీక నులుముతుంది. పిస్టన్ తళతళలాడుతున్నా కాలిపర్ పట్టేస్తుంది. కొత్త సీల్ వేసినా పట్టు వదలకపోతే గాడిని సరిగా శుభ్రం చేయలేదని అనుమానించాలి.

మూడో నష్టం మనం చేతులారా చేసుకునేది. అందరం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ, అది అసలు ఆయిలే కాదు. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలు గ్లైకాల్ కుటుంబానివి. వాటితో పనిచేసే కాలిపర్ సీళ్లు సాధారణంగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. ఆ రబ్బరుకు పెట్రోలియం నూనెలంటే పడదు. ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు, తుప్పు వదలడానికి కొట్టే స్ప్రేలు, ఏది తగిలినా ఉబ్బి మెత్తబడిపోతుంది. "ఆయిల్" అనే పేరు విని, పిస్టన్ సులువుగా దిగుతుందని కాస్త గ్రీజు రాసినవాళ్ల కాలిపర్లు కొన్నాళ్లకే మళ్లీ పట్టేస్తాయి. సీల్‌కు రాయాల్సింది కొత్త బ్రేక్ ఆయిల్, లేదా ఈ పనికోసమే చేసిన రబ్బరు గ్రీజు. అంతే.

బ్రేక్ ఆయిల్‌కు ఇంకో గుణం ఉంది: గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. అందులో 3.7 శాతం నీరు చేరాక 155 ఉంటే చాలని ప్రమాణం ఒప్పుకుంటుంది. డాట్ 3కి ఆ అంకెలు 205, 140. నీరు చేరిన ద్రవం లోపలినుంచి తుప్పు కూడా పట్టిస్తుంది. మూత తీసి ఏడాదిగా పక్కన పడున్న డబ్బా వాడకండి. డాట్ 5 మాత్రం సిలికాన్, దాన్ని మిగతావాటితో కలపకూడదు. అంకె దగ్గరగా ఉందని 5కి 5.1 చుట్టం అనుకోవద్దు.

నిజంగా కాలిపరేనా?

పుండొకచోట, మందొకచోట కాకూడదంటే విప్పకముందే పది నిమిషాల పరీక్ష ఒకటి చేయాలి. చక్రం బిగుసుకుని ఉన్నప్పుడే కాలిపర్ మీద గాలి తీయడానికి ఉండే బ్లీడర్ నిపుల్‌ను అర చుట్టు వదులు చేయండి. ద్రవం చిమ్మి, చక్రం వెంటనే వదులైందంటే పిస్టన్ పట్టేయలేదు, ఒత్తిడే వెనక్కి పోలేక ఇరుక్కుంది. ఎక్కువగా దీనికి కారణం కాలిపర్‌కు ద్రవం తెచ్చే రబ్బరు హోస్. పైకి బాగానే కనిపిస్తూ లోపలి పొర ఉబ్బి లేదా ఊడి, ద్రవాన్ని ఒకే దిక్కుకు పోనిస్తుంది. తొక్కితే పోతుంది, వదిలితే రాదు. హోస్‌కు పైన ఇనుప పైపు కలిసే చోట వదులు చేసినా చక్రం వదిలితే మాత్రం తప్పు ఇంకా పైన, పెడల్ తొక్కితే ద్రవాన్ని తోసే మాస్టర్ సిలిండర్ వైపు ఉంది. నిపుల్ తెరిచినా చక్రం కదలకపోతే అప్పుడు కాలిపర్‌నో స్లైడ్ పిన్నులనో అనుమానించాలి.

ముందు పిన్నులే. కాలిపర్‌ను చేత్తో పట్టి అటూ ఇటూ జరిపితే జరగాలి. జరగకపోతే పిన్నులు లాగి, తుడిచి, ఎక్కువ వేడికి తట్టుకునే సిలికాన్ గ్రీజు రాసి పెడితే చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది. ఒకే ప్యాడ్ ఒక కొస మందంగా, ఇంకో కొస పల్చగా అరిగిందంటే పిన్నుల మీద అనుమానం ఇంకా బలపడుతుంది. రెండు పిన్నుల్లో ఒకదానికి కొసన చిన్న రబ్బరు తొడుగు ఉండొచ్చు, ఏది ఏ రంధ్రంలోదో గుర్తు పెట్టుకుని తీయండి.

ఈ పరీక్షలో ఇంకో లాభం ఉంది: నిపుల్ ఊడుతుందో లేదో ఇప్పుడే తెలిసిపోతుంది. తుప్పుపట్టి విరిగిపోయే నిపుల్ చాలా రీబిల్డులను కిట్ విప్పకముందే ముగించేసింది.

బల్లమీద

కారును స్టాండ్ల మీద నిలబెట్టండి, జాకీని నమ్మి కింద చేతులు పెట్టొద్దు. ప్యాడ్ దుమ్మును గాలితో ఊదకండి. పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, తడిపి తుడవడం మేలు.

పిస్టన్‌ను బయటికి తీయడానికి అన్నిటికంటే మంచి పనిముట్టు కారులోనే ఉంది: బ్రేక్ పెడల్. హోస్ ఊడదీయకముందే ప్యాడ్లు తీసేసి, ఎదురుగా ఒక చెక్కముక్క అడ్డం పెట్టి పెడల్ మెల్లగా తొక్కుతూ పోతే, మొండికేసిన పిస్టన్ కూడా అంగుళం అంగుళంగా బయటికొస్తుంది. పైన డబ్బాలో ద్రవం అడుగంటకుండా పోస్తూ ఉండాలి. ఏబీఎస్ ఉన్న కార్లలో దాని లోపలికి గాలి దూరితే, తీయడానికి కొన్నిటికి స్కానర్ కావాల్సి వస్తుంది. పిస్టన్ దాదాపు ఊడేదాకా వచ్చాక, పెడల్‌ను రెండు మూడు సెంటీమీటర్లు నొక్కి కర్ర ఆనించి వదిలేయండి. ఎక్కువ కార్లలో మాస్టర్ సిలిండర్‌లో డబ్బా నుంచి వచ్చే రంధ్రం మూసుకుపోయి, హోస్ ఊడదీశాక ద్రవం కారడం ఆగుతుంది. బ్రేక్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి బ్యాటరీ వైరు తీసేయడం మర్చిపోకండి.

కంప్రెసర్ గాలి వాడతామనేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. 6 బార్ల గాలి 54 మిల్లీమీటర్ల పిస్టన్‌ను సుమారు 140 కిలోల బలంతో తోస్తుంది. అది ఇరుక్కుని ఇరుక్కుని ఒక్కసారిగా వదిలితే తుపాకీ గుండే. మధ్యలో చెక్క ఉండాలి, వేళ్లు ఉండకూడదు.

పిస్టన్ వచ్చాక రింగును గాడిలోంచి లేపడానికి స్క్రూడ్రైవర్ వద్దు. చెక్క పుల్ల, ప్లాస్టిక్ పుల్ల ఏదైనా చాలు. గాడి అంచు మీద పడిన గీత లీకుకు దారి. గాడిని బ్రేక్ క్లీనర్‌తోనో స్పిరిట్‌తోనో తడిపి, నైలాన్ బ్రష్‌తో ఓపిగ్గా తోమండి. మొత్తం పనిలో ఎక్కువ సమయం పోవాల్సింది ఇక్కడే. అడుగున, మూలల్లో వేలి కొసకు గరుకు తగలకూడదు. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్ ఆరకముందు మంట గానీ వెల్డింగ్ గానీ దగ్గరికి రానివ్వకండి, ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

ఇప్పుడు పిస్టన్. తుడిచి, కిటికీ దగ్గర వెలుతురుకు అడ్డంగా పట్టి మెల్లగా తిప్పండి. గోధుమరంగు మరకలు కనిపిస్తాయి. అవి చాలావరకు ఎండిన ద్రవం, గుడ్డతో పోతాయి. ఆ తర్వాత కళ్లు మూసుకుని గోటి కొసను పిస్టన్ ఒంటి మీద కొస నుంచి కొసకు జరపండి. కంటికి చుక్కలా కనిపించింది గోటికి తగలకపోతే ఫరవాలేదు. గోరు ఒక్కచోట తట్టుకున్నా, అది సీల్ నడిచే దారిలో ఉంటే, ఆ పిస్టన్ పని అయిపోయినట్టే. ఎమరీ కాయితంతో రుద్ది సరిచేద్దామనిపిస్తుంది. క్రోమ్ పూత చాలా పల్చన, రుద్దితే గుంట పోదు, పూత పోతుంది. కొన్ని కార్లలో పిస్టన్ ఫినాలిక్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసి ఉంటుంది. దానికి తుప్పు రాదు, వేడిని ద్రవం దాకా పోనివ్వదు కూడా, కానీ అంచులు పెచ్చులూడతాయి. బూట్ కూర్చునే చోట పెచ్చు ఊడితే అదీ మార్చాల్సిందే.

బిగింపు దగ్గర తొందర పడకపోతే చాలు. కొత్త రింగును బ్రేక్ ఆయిల్‌లో ముంచి గాడిలో పెట్టి, మెలిక పడలేదని వేలితో చుట్టూ తడిమి చూడండి. పిస్టన్ కూడా తడిపి, నిటారుగా పట్టి రెండు బొటనవేళ్లతో నొక్కండి. సరిగా ఉంటే నిదానంగా, ఒకే బిగువుతో దిగుతుంది. ఒక పక్కకు ఒరిగి ఆగితే సుత్తి అందుకోవద్దు, బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టండి. బూట్ కొన్ని రకాల్లో ముందే పిస్టన్‌కు తొడగాలి, కొన్నిటిలో ఆఖర్న దిగ్గొట్టాలి. మీ కారు మాన్యువల్ ఏమంటుందో చూడండి. బోల్టులు ఎంత బలంగా బిగించాలో చెప్పే టార్క్ కూడా అందులోదే, చేతి అంచనా కాదు. హోస్ బోల్టు దగ్గరి రాగి వాషర్లు రెండూ కొత్తవే వేయాలి. పాతవి ఒకసారి నలిగి గట్టిపడి ఉంటాయి.

నేను మొదటిసారి చేసినప్పుడు రెండు ముందు కాలిపర్లూ ఒకేసారి విప్పి, కడిగి, మురిసిపోతూ బిగించాను. తర్వాత పైపుల్లో చేరిన గాలి తీయడం మొదలుపెడితే ద్రవం డబ్బాలు ఖాళీ అవుతున్నాయి గానీ పెడల్ మాత్రం స్పాంజిలాగే ఉంది. టెన్షన్‌తో మాస్టర్ సిలిండర్ పోయిందనుకున్నాను. సాయంత్రం టార్చి పట్టుకుని కింద కూర్చుని చూస్తే, బ్లీడర్ నిపుళ్లు రెండూ కింది వైపున్నాయి. ఎడమది కుడికి, కుడిది ఎడమకు వేశాను. గాలి పైకి చేరుతుంది, నిపుల్ కింద ఉంటే అది ఏ జన్మకీ బయటికి రాదు. నిపుల్ ఎప్పుడూ పైనే ఉండాలి. అప్పటినుంచి విప్పకముందే ఒక్కో కాలిపర్ మీద అక్షరం రాసి పెట్టుకుంటున్నాను.

గాలి తీసేటప్పుడు ఒకరు పెడల్ తొక్కిపట్టాలి, ఇంకొకరు నిపుల్ తెరిచి, మూశాకే "వదులు" అనాలి. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టి అది నేలదాకా పోకుండా చూడండి. పాత మాస్టర్ సిలిండర్‌లో రోజూ వెళ్లని లోతుల్లో మురికి, తుప్పు ఉంటాయి. సీళ్లు అక్కడిదాకా వెళ్లి వస్తే చిరిగే ప్రమాదం ఉంది.

ఇంట్లో ముట్టుకోకూడనివి

హ్యాండ్‌బ్రేక్ కూడా తనలోనే ఉన్న వెనక కాలిపర్ వేరే జంతువు. దాని పిస్టన్ లోపల మరలు, స్ప్రింగు, బేరింగు ఉంటాయి. ప్యాడ్లు మార్చేటప్పుడు కూడా దాన్ని తిప్పుతూ దించాలి. క్లాంపు వేసి తిన్నగా నొక్కితే లోపలి మరలు పోతాయి. ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ ఉంటే ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టనిదే ముట్టుకోకూడదు. ఇలాంటివి మొదటి ప్రయత్నానికి పనికిరావు, బాగు చేసినవి కొనుక్కోవడమే నయం. రెండు సగాలు బోల్టులతో కలిపిన కాలిపర్లను విడదీయొద్దని కొందరు తయారీదారులు రాస్తారు. రాస్తే వినండి. గాడి అంచే తుప్పు తినేసి ఉంటే ఏ కిట్టూ దాన్ని బాగు చేయలేదు. ఒకవైపు రీబిల్డ్ చేస్తే అదే యాక్సిల్ రెండోవైపుదీ చేయండి. అవే నీళ్లూ అదే దుమ్మూ దానికీ తగిలాయి.

అంతా బిగించాక, కారు కదపకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ప్యాడ్లు డిస్క్‌కు దూరంగా ఉంటాయి కాబట్టి మొదటి మూడు నాలుగు తొక్కులకు పెడల్ నేలకు దిగిపోతుంది. ఆ స్థితిలో గేరు వేస్తే ఆపేది గోడే. గట్టిపడ్డాక బలంగా అర నిమిషం తొక్కిపట్టి, ఇంకొకరిని హోస్ బోల్టు చుట్టూ, నిపుల్ చుట్టూ, బూట్ కింద పొడి కాయితం రుద్ది చూడమనండి. పెడల్ మెల్లగా దిగుతున్నా, కాయితం తడిసినా మళ్లీ విప్పాలి. పొడిగా ఉంటే ఖాళీ రోడ్డు మీద మెల్లగా పది కిలోమీటర్లు తిరిగి వచ్చి, చెయ్యి ఆనించకుండా రెండు చక్రాల దగ్గరా వేడి పోల్చి చూడండి. రెండూ ఒకేలా ఉండాలి.